అతుకు ఖరీదు

నగల కొట్లో మనం అడగని ప్రశ్న ఉండదు. గ్రాము ధర ఎంత, మజూరీ ఎంత, తరుగు ఎంత, రాళ్ళ బరువు మినహాయించారా లేదా అని దుకాణదారుకి ఊపిరి ఆడనివ్వం. తూకం అంకెలు నిలకడగా ఆగేదాకా రెప్ప వాల్చం. అయినా ఒక్క ప్రశ్న మాత్రం మన నోట రాదు: "ఇంతకీ దీన్ని దేంతో అతికారండీ?"

అతుకు లేని నగ బహు తక్కువ. ఒంటిపేట గొలుసునే తీసుకోండి. సన్నని తీగను రింగులుగా చుట్టి, కోసి, ఒకదాన్లో ఒకటి దూర్చి, ప్రతి రింగు మూతినీ విడివిడిగా అతకాలి. మూరెడు గొలుసులో అలాంటి అతుకులు వందల్లో ఉంటాయి. జుమికీ కింద వేలాడే మువ్వలు, కమ్మ వెనకాల కాడ, ఉంగరం మీద రాయి కూర్చునే గూడు, అన్నీ అతుకుల మీదే నిలిచాయి. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పని చూశారా? వెంట్రుకల్లాంటి వెండి తీగలను మెలిపెట్టి, పువ్వులుగా ఆకులుగా చుట్టి, చట్రంలో అమర్చి అతికిన పని అది. అందులోంచి అతుకు తీసేస్తే మిగిలేది గుప్పెడు తీగముక్కలు.

ఆ అతికే లోహాన్ని టంకం అంటారు. రేడియో రిపేరు అబ్బాయి దాన్నే సాల్డరింగ్ అంటాడు. కారే బిందెల్ని బాగుచేస్తూ వీధుల్లో తిరిగే మనిషి 'మాటు' అనేవాడు. పేరు ఏదైనా పని ఒకటే: విడిగా ఉన్న రెండు లోహపు ముక్కల్ని ఒకటి చెయ్యడం. మెళ్ళో గొలుసు నుంచి చేతిలో సెల్‌ఫోను దాకా మన సంసారమంతా ఈ టంకం మీద నడుస్తోంది. వేల ఏళ్ళ చరిత్ర ఉన్న వస్తువు. అయితే ఆ చరిత్ర పొడుగునా ఒక చిక్కు కూడా నడుస్తూ వచ్చింది. ఆ సంగతే ఇవాళ చెప్పుకుందాం.

ముందు టంకం కిటుకేమిటో వంటింట్లోనే చూద్దాం. తగరంతో చేసిన చారు గిన్నె మీ ఇంట్లోనో మీ అమ్మమ్మగారి ఇంట్లోనో ఉండే ఉంటుంది. సత్తు గిన్నె అని కొందరు అంటారు. కొత్త కోడలికి దాన్ని అప్పగిస్తూ అత్తగారు చెప్పే మొదటి మాట ఒకటే: "నీళ్ళు పోశాకే పొయ్యి మీద పెట్టమ్మా!" ఖాళీ గిన్నె పెట్టి, పోపుల డబ్బా కోసం అటు తిరిగి ఇటు వచ్చేసరికి గిన్నె ముద్దయిపోతుంది మరి. తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే కరిగిపోతుంది. చారు కాగుతున్నంతసేపూ నీళ్ళు 100 డిగ్రీల దగ్గరే ఆగుతాయి కనక గిన్నె క్షేమంగా ఉంటుంది. అదే రాగి కరగాలంటే 1085 డిగ్రీల వేడి కావాలి.

అతికే లోహానికి ఉండవలసిన మొదటి గుణం ఇదే. అతకబోయే లోహాల కంటే ముందు అది కరగాలి. కరిగి, సందులోకి పాకి, చల్లారి గట్టిపడాలి. తగరం ఇందుకు బాగా పనికొస్తుంది. దానికి సీసం కలిపితే ఇంకో విచిత్రం జరుగుతుంది. సీసం ఒంటరిగా 327 డిగ్రీలకు గాని కరగదు. కాని 63 పాళ్ళ తగరం, 37 పాళ్ళ సీసం కలిపిన మిశ్రమం 183 డిగ్రీలకే, అంటే రెండింటి కంటే తక్కువ వేడికే కరుగుతుంది! ఇదేం చోద్యం అనిపిస్తే, ఇంట్లో చేత్తో తిప్పి ఐస్‌క్రీం చేసే పీపా గుర్తు తెచ్చుకోండి. చుట్టూ పోసిన ఐసు మీద ఉప్పు చల్లితే, ఆ ఐసు సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉండి కూడా కరుగుతూనే ఉంటుంది. రెండు వస్తువులు కలిస్తే కరిగే వేడి తగ్గడం అక్కడా ఇక్కడా ఒకటే సూత్రం.

రెండో కిటుకు శుభ్రం. వేడెక్కిన లోహానికి గాలి తగిలితే పైన ఒక పొర కడుతుంది. ఆ పొర మీద టంకం అంటుకోదు, జిడ్డు పళ్ళెం మీద నీటిబొట్టులా జారిపోతుంది. అందుకని పొరను తినేసే మందు ఏదో ఒకటి కావాలి. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు వేడెక్కిన గిన్నెలో నవాసారం చల్లి, గుప్పున తెల్లటి పొగ లేపి, దూదితో గిర్రున తుడిచేది అందుకే. కళాయి కూడా టంకానికి చెల్లెలి వరసే లెండి.

బంగారం పనిచేసేవారి మందు మాత్రం వెలిగారం. సంస్కృతంలో దాన్నే టంకణం అంటారు. మన టంకానికీ దానికీ ఉన్న చుట్టరికం చెవికే తెలిసిపోతోంది. ముడి వెలిగారాన్ని ఇంగ్లీషువాళ్ళు 'టింకల్' అన్నారు, ఆ మాటకీ మూలం ఇదే. పాతకాలంలో ఇది టిబెట్‌లోని ఉప్పు సరస్సుల ఒడ్డున పేరుకుంటే, చిన్న చిన్న సంచులకెత్తి గొర్రెల మీద, మేకల మీద వేసి హిమాలయ కనుమలు దాటించేవారు. అక్కణ్ణించి చేతులు మారుతూ ఇటలీలోని వెనిస్ దాకా వెళ్ళేది. దాన్ని శుద్ధిచేసే విద్య వెనిస్ వర్తకులు చాలాకాలం తమ గుప్పిట్లోనే ఉంచుకున్నారు. ఎక్కడి మంచుకొండల మేక, ఎక్కడి దొరసాని ఉంగరం!

టంకం వయసు ఎంత అంటారా? ఇరాక్ దేశంలోని ఉర్ నగరంలో 1920లలో లియొనార్డ్ వూలీ అనే ఇంగ్లీషు పండితుడు తవ్వకాలు జరిపితే రాజుల, రాణుల సమాధులు బయటపడ్డాయి. పుఆబి అనే రాణి తలనిండా బంగారు ఆకులు, పువ్వులతో, రంగురాళ్ళ పేరులతో అలాగే పడుకుని ఉంది. సుమారు 4500 ఏళ్ళ నాటి ఆ సమాధుల్లో దొరికిన బంగారు వస్తువుల్లో టంకం పెట్టి అతికిన పని కనిపిస్తుంది. అంటే మనం ఇవాళ వేసుకునే నగకూ ఆ రాణిగారి నగకూ అతుకు విద్య ఒకటే.

ఆ తరవాతి కాలంలో ఇటలీలో ఎట్రుస్కన్లని ఒక జాతివాళ్ళు ఉండేవారు. వాళ్ళు ఆవగింజ కంటే ఎంతో చిన్న బంగారు గుండ్లను వేలాదిగా నగ మీద అతికేవారు. విచిత్రం ఏమిటంటే, భూతద్దం పెట్టి చూసినా టంకం జాడ కనపడదు. ఆ విద్య మధ్యలో అంతరించింది. పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా స్వర్ణకారులు దానికోసం తలలు బద్దలు కొట్టుకున్నారు. చివరికి 1933లో లిటిల్‌డేల్ అనే ఆంగ్లేయుడు ఒక పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. రాగి ఉప్పును జిగురుతో కలిపి, ఆ జిగురుతోనే గుండ్లను అంటించి కాచాలి. జిగురు మాడి బొగ్గవుతుంది, రాగి లోహంగా మారి బంగారం అంచులో కలిసి, 1064 డిగ్రీలకు గాని కరగని బంగారాన్ని అతుకు దగ్గర మాత్రం ముందే కరిగిస్తుంది. పూర్వపు గ్రీకులు పచ్చని రాగి ఖనిజం ఒకదాన్ని 'బంగారపు జిగురు' అని పిలిచేవారు. రహస్యం పేరులోనే ఉంది, చదివినవాళ్ళకు తట్టలేదు!

ఇంతవరకూ కథ అందంగానే ఉంది. ఇక చిక్కు దగ్గరికి వద్దాం. సులువుగా కరగాలి, చవకగా దొరకాలి అంటే మనిషి చేతికి మొదట అందేది సీసం. అది ఒంటికి పడని లోహం. కొద్దికొద్దిగా కడుపులోకి చేరి నరాలను, రక్తాన్ని, మూత్రపిండాలను పాడుచేస్తుంది. అందరికంటే ఎక్కువ నష్టపోయేది చిన్నపిల్లలు, కడుపులో ఉన్న బిడ్డలు.

రోమన్లు ఊరి నీళ్ళను సీసపు గొట్టాల్లో పారించారు. ఇంగ్లీషులో 'ప్లంబర్' అన్న మాట సీసానికి లాటిన్‌లో ఉన్న 'ప్లంబుమ్' అన్న పేరు నుంచి వచ్చిందే. రెండు పాళ్ళు సీసం, ఒక పాలు తగరం కలిపి గొట్టాలకు టంకం పెడతారని మొదటి శతాబ్దంలో ప్లీనీ అనే పండితుడు రాసిపెట్టాడు. అతనికంటే ముందే, క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో, విట్రూవియస్ అనే కట్టడాల నిపుణుడు ఇంకో సంగతి గమనించాడు: సీసం పనిచేసేవాళ్ళ ఒళ్ళు పాలిపోయి ఉంటోంది. కనక నీళ్ళకు మట్టిగొట్టాలే మేలని సలహా చెప్పాడు. వింటే కదా! తాగే నీటి గొట్టాల అతుకుల్లో సీసం వాడకూడదని అమెరికా చట్టం చేసింది 1986లో. మధ్యలో రెండు వేల ఏళ్ళు గడిచాయి.

గొట్టాల తరవాత సీసం టంకం మన తిండిలోకి కూడా దూరింది. 1810లో ఫ్రాన్సులో నికోలస్ అపేర్ అనే వంటవాడు తిండిని గాజు సీసాల్లో మూసి, కాచి, నిలవచేసే పద్ధతిని పుస్తకంగా అచ్చువేసి, ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకుల బహుమానం అందుకున్నాడు. అదే ఏడు ఇంగ్లాండులో గాజుకు బదులు తగరం పూత వేసిన రేకుడబ్బాలకు పేటెంటు పుట్టింది. 1813 నాటికి లండన్ దగ్గర ఫ్యాక్టరీ నడిచింది. ఆ డబ్బాల పక్కలూ అడుగూ మూతా, చివరికి గాలిపోయే చిల్లి కూడా, చేత్తో టంకం పెట్టి మూసేవారు. టంకంలో సీసం పాలు హెచ్చు.

1845 మే నెలలో సర్ జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వంలో రెండు ఓడలు, 'ఎరెబస్', 'టెర్రర్', ఉత్తరధ్రువపు మంచు సముద్రంలో దారి వెతకడానికి ఇంగ్లాండు నుంచి బయలుదేరాయి. మూడేళ్ళకు సరిపడా సరుకు, అందులో సుమారు 8,000 డబ్బాల తిండి. ఆ డబ్బాల కాంట్రాక్టు కుదిరింది ప్రయాణానికి కొద్ది వారాల ముందే, అంతా హడావుడిగా తయారైంది. మంచులో చిక్కుకున్న 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. 1984లో, 1986లో ఓవెన్ బీటీ అనే కెనడా శాస్త్రజ్ఞుడు బీచీ దీవిలో ముగ్గురు నావికుల సమాధులు తెరిస్తే, మంచులో ఆ శరీరాలు నిన్నమొన్న పూడ్చినట్టున్నాయి. పరీక్షిస్తే ఒంట్లో సీసం విపరీతంగా తేలింది. పారేసిన డబ్బాలు చూస్తే, లోపలివైపుకు టంకం చుక్కలు కారి గడ్డకట్టి ఉన్నాయి.

సీసం ఒక్కటే వాళ్ళను చంపిందని ఇప్పటి పరిశోధకులు అనరు. చలి, ఆకలి, జబ్బులు అన్నీ కలిశాయి. ఓడలో నీటిగొట్టాల సీసం కూడా ఉందని కొందరి అనుమానం. సరే, ఏ గొట్టమో ఏ డబ్బానో గాని, సీసం మాత్రం అక్కడ ఉంది. అయినా తిండిడబ్బాలకు సీసం టంకం పెట్టడం ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా సాగింది. అమెరికా కంపెనీలు 1991కి మానుకున్నాయి. దిగుమతి డబ్బాలకు కూడా వర్తించేలా అక్కడ పూర్తి నిషేధం వచ్చింది 1995లో.

ఇక మన నగ దగ్గరికి రండి. కంసాలి కన్నతల్లి నగలోనైనా చిటికెడు తీస్తాడని మనవాళ్ళలో ఒక పాత మాట ఉంది. ఆ నిందలో సగం పాపం టంకానిది. చూడండి: 22 క్యారట్ల బంగారమంటే నూటికి 91.6 పాళ్ళు మేలిమి. దాన్ని అతకాలంటే అంతకంటే ముందు కరిగే బంగారం కావాలి, అంటే వెండీ రాగీ ఎక్కువ కలిపిన బంగారం. లెక్క కోసం 100 గ్రాముల హారంలో 90 గ్రాములు 22 క్యారట్లదీ, 10 గ్రాములు టంకమూ అనుకుందాం. టంకంలో బంగారం నూటికి 70 పాళ్ళే అయితే, హారం కరిగించినప్పుడు తేలే మేలిమి 89.4 గ్రాములు. ఉండవలసింది 91.6. రెండు గ్రాములకు పైగా ఎక్కడికి పోయినట్టు? ఎవరూ తియ్యలేదు, అతుకుల్లో ఉంది. కాని పిల్ల పెళ్ళికి పాత హారం చెరిపించబోయిన తల్లికి ఈ లెక్క ఎవరు చెప్పారు? నమ్మకంగా చేసిన మనిషికి మాట పడింది.

ఈ తగాదా తీర్చడానికి వచ్చిందే కాడ్మియం. 92 పాళ్ళ బంగారంలో 8 పాళ్ళ కాడ్మియం కలిపితే చక్కటి టంకం తయారవుతుంది. అతుకులో కూడా 22 క్యారట్ల మేలిమి ఉంటుంది, చెరిపినా తరగదు. దుకాణాల బోర్డుల మీద 'కేడీఎం నగలు' అని మెరిసిన అక్షరాలు ఈ కాడ్మియానివే. అదేదో మేలిమి ముద్ర పేరనుకుని, 'కేడీఎందే ఇవ్వండి' అని అడిగి మరీ కొనుక్కున్నవాళ్ళు ఎందరో!

కొనేవారికి లాభం, అమ్మేవారికి పేరు. మరి చేసేవారికి? కాడ్మియం 767 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరైపోతుంది. బంగారం అతికేచోట వేడి దాన్ని మించుతుంది. కుంపటి ముందు వంగి, ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని, అతుకు మీద చూపు నిలిపిన మనిషి ముఖానికీ ఆ పొగకూ మధ్య దూరం ఎంత? జానెడు. ఆ పొగ ఊపిరితిత్తులను తింటుంది, మూత్రపిండాలను తింటుంది, కేన్సరుకు దారితీస్తుంది. నగ వేసుకున్న మనకు ఏమీ తెలియదు. గాలి ఆడని చిన్న గదిలో పనిచేసే ఆ మనిషికీ, పక్కనే ఆడుకునే అతని పిల్లలకూ తెలుస్తుంది.

కాడ్మియం ఏం చెయ్యగలదో జపాన్ ఆడవాళ్ళు ముందే అనుభవించారు. తొయామా ప్రాంతంలో గనుల నుంచి వచ్చిన కాడ్మియం జింజూ నదిలో కలిసి, ఆ నీటితో పండిన వరిలోకి ఎక్కింది. జబ్బుపడినవారిలో ఎక్కువమంది నలుగురైదుగురు బిడ్డల్ని కని నడివయసు దాటిన స్త్రీలే. ఎముకలు గుల్లబారి, దగ్గినా విరిగేవి. ఆ జబ్బుకు ఊళ్ళోవాళ్ళు పెట్టిన పేరు 'ఇతాయి ఇతాయి'. అంటే 'నొప్పి, నొప్పి' అని. 1968లో గాని అక్కడి ప్రభుత్వం దానికి కారణం కాడ్మియమని ఒప్పుకోలేదు.

మన దేశంలో బంగారానికి హాల్‌మార్కు 2000లో వచ్చింది. హాల్‌మార్కు నియమాల ప్రకారం నగలో కాడ్మియం ఉండకూడదు, జింకు వంటివి కలిపిన టంకాలు వాడాలి. 2021 జూన్ నుంచి, మొదట కొన్ని జిల్లాల్లో, హాల్‌మార్కు తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి హాల్‌మార్కు నగ మీదా ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య కూడా ఉండాలన్నారు. ఆ చిన్న ముద్ర మన డబ్బుకు హామీ అని అందరికీ తెలుసు. నగ చేసినవారి ఊపిరికి కూడా కొంత హామీ అని గుర్తున్నవారు తక్కువ.

ఇక ఆఖరి మజిలీ మన చేతిలోని ఫోను. రేడియోలు, టీవీల రోజుల్లో సీసం టంకం తీగ లోపలే పైన్ చెట్టు జిగురుతో చేసే రోజిన్ ఉండేది. ఇనుపకడ్డీ తగలగానే లేచే ఆ పొగ వాసన రేడియో రిపేరు షాపులో మనందరికీ పరిచయమే. ఏళ్ళ తరబడి పీలిస్తే అది ఉబ్బసం తెప్పించగలదు. సీసం పొగలో పెద్దగా ఉండదు గాని, వేళ్ళకు అంటుకుని తినే అన్నంతో లోపలికి పోతుంది. ఐరోపా దేశాలు 2006 జూలై 1 నుంచి చాలా ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్నీ కాడ్మియాన్నీ కట్టడి చేశాయి. మన దేశంలో ఇ-వ్యర్థాల నియమాలు 2012 మే 1 నుంచి అమల్లోకి వచ్చి అదే దారి పట్టాయి. ఇప్పుడు ఎక్కువగా వాడే టంకంలో తగరం 96.5 పాళ్ళు, వెండి 3 పాళ్ళు, రాగి అర పాలు. అది కరగడానికి సుమారు 217 డిగ్రీలు కావాలి. పాత సీసం టంకం కంటే ఖరీదెక్కువ, వేడీ ఎక్కువ కావాలి. ఫ్యాక్టరీల వాళ్ళు మొదట నెత్తీనోరూ బాదుకున్నారు, తరవాత అలవాటుపడ్డారు. కుదరదన్న పని కుదిరింది.

మన శ్రీసిటీలో 2015లో ఫోన్లు కూర్చడం మొదలైనప్పుడు పనిలో చేరినవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ళ అమ్మాయిలే. సీసం లేని టంకం అంటే అలాంటి అమ్మాయిలకు ఎంత మేలో వేరే చెప్పాలా? కాని అవే ఫోన్లూ టీవీలూ పాతబడ్డాక కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఢిల్లీ సీలంపూర్ వంటిచోట్ల పాత బోర్డులను నిప్పుల మీద కాచి, టంకం కరిగించి, భాగాలు ఊడదీసి అమ్ముకునేవారు ఉన్నారు. పాత బోర్డుల్లో పాత సీసం అలాగే ఉంది. ఆ పనిలో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. అందుకే పాడైపోయిన ఫోనును చెత్తబుట్టలో వెయ్యకుండా, వెనక్కి తీసుకునే కంపెనీ కేంద్రానికో, గుర్తింపు ఉన్న ఇ-వ్యర్థాల సంస్థకో ఇవ్వడం మంచిది. పాతసామాన్లవాడు నాలుగు డబ్బులు ఎక్కువిస్తాడన్నది నిజమే. ఆ నాలుగు డబ్బులు ఎవరి ఊపిరిలోంచి వస్తున్నాయో కూడా లెక్కలో వేసుకోవాలి.

గొట్టం నుంచి ఫోను దాకా ప్రతిచోటా జరిగింది ఒకటే. ప్రమాదం ఉందని ముందుగా తెలిసింది పనిచేసేవారి ఒంటికి, ఆఖరున తెలిసింది కొనేవారికి. మధ్యలో ఎన్నేళ్ళు గడుస్తాయన్నది కొనేవారు ఎంత త్వరగా అడుగుతారన్న దాని మీదా కొంత ఆధారపడి ఉంటుంది. సీసం లేకుండా డబ్బా మూయవచ్చునని, కాడ్మియం లేకుండా గొలుసు అతకవచ్చునని తేలిపోయింది కదా.

అతుకు ఎక్కడుందో కనపడకపోతే అది మంచి పనితనమని మనవాళ్ళు మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. ఈసారి నగల కొట్టుకు వెళ్ళినప్పుడు తరుగు సంగతి, మజూరీ సంగతి నిక్షేపంగా తేల్చుకోండి. ఆ తరవాత, బిల్లు కట్టేముందు, పైన చెప్పిన ఆ ఒక్క ప్రశ్న కూడా అడిగి చూడండి.